ఇంజెక్టర్లు విప్పించే ముందు పైపులో గాలి చూడండి, మాస్టారూ

ప్రశ్న: నేను నర్సీపట్నం దగ్గర ఒక ఊళ్లో టీచరుగా పనిచేస్తున్నాను. 2014లో కొన్న డీజిల్ కారు ఉంది. 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఏడెనిమిది నెలలుగా పొద్దున్నే స్టార్ట్ కావడం కష్టంగా ఉంది. ఎనిమిది, పది సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు. ఎండాకాలంలోనూ ఇదే తంతు. సాయంత్రం స్కూల్ దగ్గర తీసేటప్పుడు కొంచెం ఆలస్యం అవుతుంది. దారిలో కూరగాయల కోసం ఆపి పావుగంట తర్వాత తీస్తే మాత్రం వెంటనే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ మార్చాను, హీటర్ ప్లగ్గులు మార్పించాను. తేడా లేదు. డీజిల్ ఫిల్టర్ ఈమధ్యే మార్చారు కాబట్టి తప్పు అక్కడ లేదంటున్నారు. ఇప్పుడు నాలుగు ఇంజెక్టర్లూ పోయాయని, పంపు కూడా విప్పాలని, 70 వేల దాకా అవుతుందని చెబుతున్నారు. విచిత్రం ఏమిటంటే సంక్రాంతికి అత్తగారి ఊళ్లో నాలుగు రోజులు ఉంటే, అక్కడ రోజూ పొద్దున్నే టక్కున స్టార్ట్ అయింది. ఇంటికి రాగానే మళ్లీ మామూలే. మా పోర్టికో చిన్నది, వెనక చక్రాలు ర్యాంపు మీదే ఉంటాయి. రెండు మూడు రోజులకోసారి 500 రూపాయల డీజిల్ కొట్టిస్తుంటాను. పిల్లల కాలేజీ ఫీజులు కట్టాల్సిన టైంలో ఇంత ఖర్చు పెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

మాస్టారూ, ఆ 70 వేలు ఇప్పుడప్పుడే తీయకండి. ముందు ఫీజులు కట్టేయండి. బండి చూడకుండా మీ ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, బాగున్నాయని నేను చెప్పలేను. కానీ అవి పోయాయని తేల్చినవాళ్లు ఏ పరీక్ష చేసి తేల్చారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. స్కానర్ పెట్టి ప్రెషర్ చూశారా, ఇంజెక్టర్ల రిటర్న్, అంటే వాటిలోంచి వాడకుండా వెనక్కి పోయే డీజిల్, కొలిచారా? కొలిచి ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. వెనక చక్రాలు ర్యాంపు మీద ఉంటాయన్న సంగతి కూడా వదలకుండా రాసిన మనిషి మీరు. ఆ ఒక్క వాక్యమే మీకు చాలా డబ్బు మిగల్చవచ్చు.

విజయవాడ ఆటోనగర్లో డీజిల్ పంపులు, నాజిళ్ల పని 20 ఏళ్లకు పైగా చేస్తున్నాను. పొద్దున్నే అందుకోవట్లేదని డీజిల్ కారు వస్తే నేను మొదట వెతికేది గాలిని. డీజిల్ లైన్లోకి ఎక్కడో కొంచెం గాలి దూరుతుంది. దాంతో రాత్రంతా పైపులో ఉన్న డీజిల్ మెల్లగా వెనక్కి, ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున మీరు సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ఖాళీ పైపు నిండేదాకా ఇంజిన్ ఊరికే తిరుగుతుంది. నిండాక అందుకుంటుంది. ఇక కాసేపే ఆపితే పైపు నిండే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. పగలంతా స్కూల్ దగ్గర ఆగితే కొంచెం జారుతుంది, అందుకే సాయంత్రం కొంచెం ఆలస్యం.

మీ వైపు కాలవ గట్ల మీద నీళ్ల ఇంజిన్లు చూసే ఉంటారు. పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు ఉంటుంది, అదే ఫుట్‌వాల్వు. ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే రాత్రికి పైపులో నీళ్లన్నీ కాలవలోకి దిగిపోతాయి. పొద్దున ఇంజిన్ బాగానే తిరుగుతుంది, నీళ్లు మాత్రం ఎత్తదు. బిందెతో నీళ్లు పోసి పైపు నింపితే అప్పుడు ఎత్తుతుంది. అంతమాత్రానికి ఏ రైతూ పంపు మార్చడు. కాలవలోకి దిగి ఫుట్‌వాల్వు చూస్తాడు, పైపు అతుకులు చూస్తాడు. మీ కారులో కూడా వెతకాల్సింది అలాగే.

ఇప్పుడు మీ ర్యాంపు దగ్గరికి వద్దాం. బండి ముందుకు వెళ్లి ఆగుతుంది, వెనక చక్రాలు కిందికి ఉంటాయి. అంటే ఇంజిన్ పైన, ట్యాంకు కింద. పైగా ట్యాంకులో ఎప్పుడూ పావు వంతుకు మించి డీజిల్ ఉండదు. పైపులోకి గాలి దూరే సందు కాస్త ఉంటే చాలు, డీజిల్ మొత్తం వెనక్కి దిగిపోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. అత్తగారి ఊళ్లో బండి సమానంగా ఉన్న నేల మీద పెట్టి ఉంటారు. ప్రయాణం కాబట్టి ట్యాంకు కూడా నింపించి ఉంటారు. ఇంజెక్టర్లు అరిగిపోతే వాటికి మీ ఇల్లూ అత్తగారి ఊరూ తేడా తెలియదు. నాలుగు రోజులు బాగై, మళ్లీ ఇంటికొచ్చి పాడవవు.

పావుగంట ఆపి తీస్తే వెంటనే స్టార్ట్ అవుతోందన్నది ఇంకో మంచి కబురు. ఇంజెక్టర్లు గానీ, వాటికి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ తోసే పెద్ద పంపు గానీ అరిగితే చాలాసార్లు వేడి మీదే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వేడికి డీజిల్ పలచబడి అరిగిన సందుల్లోంచి ఎక్కువ కారిపోతుంది, ప్రెషర్ నిలవదు. మీ బండికి వేడి మీద ఏ బాధా లేదు.

హీటర్ ప్లగ్గుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చలిలో స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్ లోపల వేడి పుట్టించేవి అవి. మీకు దగ్గర్లో ఉన్న లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున ఇబ్బంది వచ్చిందంటే వాటిని అనుమానించడంలో అర్థం ఉంది. మీ కారులో ఉండే కామన్ రైల్ రకం ఇంజిన్‌కు మే నెలలో వాటి అవసరం దాదాపు ఉండదు. ఎండాకాలంలోనూ అదే తంతు అని చెప్పాక కూడా ప్లగ్గులు మార్చారంటే మీ మాట సరిగా వినలేదని నాకు బాధగా ఉంది.

ఒక్క విషయం మాత్రం మీరే విని తేల్చుకోవాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ చురుగ్గా, ఒకే లయలో తిరుగుతోందా, లేక మూలుగుతూ బరువుగా తిరుగుతోందా? బరువుగా తిరిగితే అది బ్యాటరీ, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారు బాపతు. బ్యాటరీ కొత్తదైనా ఎర్త్ వైరు బోల్టు దగ్గర తుప్పు ఉంటే అదే పని చేస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 9.6 కంటే కిందికి పడకూడదు. చురుగ్గా తిరుగుతూ అందుకోకపోతే అది డీజిల్ గొడవే అనుకుని ముందుకు వెళ్లవచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి మీది రెండోదే అనిపిస్తోంది.

మరి డీజిల్ కాస్త ఆలస్యంగా వస్తే ఇంజిన్ ఎందుకు అంతసేపు మొండికేస్తుంది? పాత అంబాసిడర్ డీజిల్, పాత ట్రాక్టర్లలో నాజిల్‌కు ఎంతో కొంత డీజిల్ అందితే కొట్టేది, ఇంజిన్ దడదడమని లేచేది. ఈ కార్లలో అలా కుదరదు. ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా, అక్కడి నుంచి పెద్ద పంపు దాకా డీజిల్ తక్కువ ప్రెషర్‌తో వస్తుంది. పెద్ద పంపు దాన్ని నొక్కి రైల్ అనే లావుపాటి గొట్టంలోకి తోస్తుంది. రైల్లో ప్రెషర్ ఒక హద్దు దాటితేనే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనిస్తుంది. ఆ హద్దు బండిని బట్టి మారుతుంది, చాలావాటిలో 200 బార్‌కు అటూ ఇటూగా ఉంటుంది. మన కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు. దానికి వంద రెట్లు, సెల్ఫ్ మోటారు తిప్పే నెమ్మది తిరుగుడు మీదే, ఒకటి రెండు సెకన్లలో పుట్టాలి. పంపులోకి డీజిల్‌తో పాటు గాలి బుడగలు వస్తే ఆ ప్రెషర్ పుట్టదు. గాలి నొక్కితే నలుగుతుంది, డీజిల్ దాదాపు నలగదు. అందుకే గోరంత గాలికి ఇంజిన్ పది సెకన్లు తిరగాల్సి వస్తుంది.

ఇంకో మెలిక ఉంది. చాలామంది మెకానిక్కులు కింద తడి ఉందా, చుక్క కారుతోందా అని చూసి, ఏమీ లేకపోతే లైన్ బాగుందని తేల్చేస్తారు. ఇంజిన్ దగ్గరున్న పంపు తానే ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే బండ్లలో ఆ పైపు పీల్పు మీద పనిచేస్తుంది. స్ట్రాకు పిన్నుతో చిన్న బొక్క పెట్టి జ్యూస్ తాగి చూడండి. జ్యూస్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. ఇక్కడా అంతే. పైపు పొడిగా ఉంటుంది, లోపల మాత్రం బుడగలు పోతూ ఉంటాయి. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండ్లలో నడిచేటప్పుడు పైపులో తోపు ఉంటుంది కాబట్టి అక్కడ తడి కనిపించవచ్చు. ఆపాక మాత్రం అవి కూడా అదే సందులోంచి గాలి పీల్చుకుంటాయి.

ఇంట్లో చేయగలిగిన పరీక్షలతో మొదలుపెట్టండి. వీటికి స్పానర్ కూడా అక్కర్లేదు.

ఈ రాత్రి బండిని రివర్స్‌లో ఇంట్లోకి పెట్టండి. వెనక భాగం పోర్టికోలో, ముందు చక్రాలు ర్యాంపు మీద. ఇప్పుడు ఇంజిన్ కింద, ట్యాంకు పైన. హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు పెట్టడం మర్చిపోకండి. పొద్దున ఎవరినైనా పక్కన నిలబెట్టి, సెల్ఫ్ ఎన్ని సెకన్లు తిరిగిందో ఫోన్లో కొలవమనండి. మూడు రోజులు ఇలా, మూడు రోజులు పాత పద్ధతిలో పెట్టి కాగితం మీద రాసుకోండి. రివర్స్‌లో పెట్టిన రోజుల్లో రెండు సెకన్లకే అందుకుంటే, మీ జబ్బు ట్యాంకుకూ పంపుకూ మధ్యే ఉందని దాదాపు తేలిపోయినట్టే.

రెండోది, తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. ఫ్యాన్, పాటలు అన్నీ ఆపేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు సన్నగా జుయ్‌మని శబ్దం వస్తే మీ ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంది. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఇలా నాలుగైదు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. శబ్దం రాకపోతే బానెట్ కింద ఫిల్టర్ దగ్గర్లో నల్లటి రబ్బరు బుడ్డి గానీ, ఫిల్టర్ తల మీద చేత్తో నొక్కే పంపు గానీ ఉందేమో చూడండి. చాలా బండ్లలో ఉంటుంది. దాన్ని గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేయండి. నింపాక టక్కున అందుకుంటే ఇది ఖాళీ పైపు గొడవే. నింపినా పది సెకన్లు పట్టిందంటే నా అనుమానం తప్పు, ఇంజెక్టర్ల వైపు చూడాల్సిందే.

సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు సైలెన్సర్ వెనక ఒకరిని నిలబెట్టండి. పొగే రాకపోతే సిలిండర్లోకి డీజిల్ చేరడం లేదు. తెల్లటి పొగ గుప్పుమని వస్తూ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది, మండడం లేదు. అది వేరే దారి. కంప్రెషన్, హీటర్ ప్లగ్గులు, నాజిల్ నుంచి చుక్కలుగా కారడం, ఇలాంటివి చూడాలి.

ఒక జాగ్రత్త. సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషం వదలండి. లేకపోతే ఈ గొడవలో సెల్ఫ్ మోటారు కూడా కాలిపోతుంది. త్వరగా అందుకుంటుందని ఎయిర్ ఫిల్టర్లో స్టార్టింగ్ స్ప్రే గానీ పెట్రోలు గానీ కొట్టేవాళ్లుంటారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్లో అది ఎప్పుడు ఎలా పేలుతుందో ఎవరూ చెప్పలేరు. అలా విరిగిన పిస్టన్లను నేను చేత్తో ఎత్తి చూశాను. వద్దంటే వద్దు.

ఇక షెడ్డులో చేయించాల్సింది. ఫిల్టర్‌కూ పెద్ద పంపుకూ మధ్య ఒక జానెడు పారదర్శకమైన పైపు వేయించండి, డీజిల్‌కు తట్టుకునే రకం. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపితే, పైపు వేసినప్పుడు దూరిన గాలి పోయి డీజిల్ లేత పసుపు రంగులో నిండుగా పారుతుంది. ఆ తర్వాత కూడా పూసల దండలా బుడగలు వస్తూనే ఉంటే గాలి దూరుతున్నట్టే. వీలైతే ఆ పైపును క్లిప్పులు గట్టిగా వేసి, వేడి భాగాలకు తగలకుండా కట్టి, ఒక రాత్రి అలాగే వదిలి పొద్దున్నే చూడండి. నా లెక్కలో మొత్తం పరీక్షల్లో దీనికి మించింది లేదు. ఎందుకో చెబుతాను.

పదేళ్ల కిందట ఒక ట్రావెల్స్ బండి నా దగ్గరికి వచ్చింది. డ్రైవరు గన్నవరం విమానాశ్రయానికి తెల్లవారుజామున మనుషుల్ని తీసుకెళ్లేవాడు. మూడున్నరకు బండి తీస్తే అందుకునేది కాదు, కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు. అప్పట్లో నేను ఇంజెక్టర్లే అని తొందరపడ్డాను. నాలుగూ విప్పి, శుభ్రం చేసి, బెంచి మీద పెట్టి చూశాను. లెక్కలు హద్దులోనే ఉన్నాయి. అయినా కొత్త వాషర్లతో బిగించి డబ్బు తీసుకుని పంపాను. మర్నాడు నాలుగింటికి ఫోను. అదే కథ. ఆ రోజు రాత్రి బండి నా షెడ్డులోనే ఉంచి ఈ పైపు వేశాను. పొద్దున బానెట్ ఎత్తి టార్చి వేస్తే పైపు గాజులా ఖాళీ, అడుగున ఒక చుక్క మాత్రం ఉంది. చేతిపంపు నొక్కుతుంటే డీజిల్ వచ్చింది, దాని వెంటే ఫిల్టర్ తల నుంచి ఆవగింజల్లా బుడగలు. ఫిల్టర్ మీద క్లిప్‌తో పట్టే కనెక్టర్ ఊడదీశాను. లోపల గాలి దూరకుండా ఆపే గుండ్రటి రబ్బరు సీలు, ఓ రింగ్ అంటారు, చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఒక పక్క చదునుగా నలిగి, వెంట్రుకంత పగులు. ఎవరో ఫిల్టర్ మార్చినప్పుడు పొడిగా తోసేసి ఉంటారు. డీజిల్ రాసి పెడితే అది అలా నలగదు. కొన్ని రూపాయల వస్తువు. నేను తీసుకున్న లేబర్ డబ్బు ఆ డ్రైవరుకు తిరిగి ఇచ్చేశాను. ఆ ఓ రింగ్ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. కొత్త కుర్రాళ్లు పనిలో చేరినప్పుడు తీసి చూపిస్తాను.

అందుకే ఫిల్టర్ ఈమధ్యే మార్చారు కాబట్టి తప్పు అక్కడ లేదు అన్న మాటకు నేను ఒప్పుకోను. ఆ బిల్లు తేదీ చూడండి. ఇబ్బంది దాని తర్వాత మొదలైతే వెతకాల్సిన మొదటి చోటు అదే. ఫిల్టర్ పైన కనెక్టర్ల ఓ రింగులు, కింద నీళ్లు వదిలే స్క్రూ, నీళ్ల సెన్సార్ సీలు, డీజిల్‌ను వేడి చేసే హీటర్ ఉంటే దాని సీలు, అన్నీ చూడమనండి. సెన్సార్‌ను పాత ఫిల్టర్ నుంచి తీసి కొత్తదానికి బిగించేటప్పుడు పాత సీలే వేసేయడం చాలా మామూలు. ఆ తర్వాత రబ్బరు పైపులు. పదేళ్లు దాటిన బండి కదా, వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. క్లిప్పు అతిగా బిగిస్తే దాని పళ్లే పైపును కోస్తాయి. ఇంజిన్ ఊపుకు పైపు ఏదైనా బ్రాకెట్‌కు రాసుకుని అరిగిందేమో చూడాలి. ఇంటి దగ్గర ఎలుకలుంటే అవి కొరికిన గాటు కూడా చాలు. ఇంజెక్టర్ల మీద నుంచి వెనక్కి పోయే సన్నటి రిటర్న్ పైపులను చాలామంది పట్టించుకోరు, అక్కడ కూడా గాలి దూరుతుంది. ఇవన్నీ బాగుండి కూడా పైపు ఖాళీ అవుతుంటే ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపులో ఉండే చిన్న వెనకడుగు వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. అది మన ఫుట్‌వాల్వుకు తమ్ముడు.

తప్పు ఎటు ఉందో తేలకపోతే ఇంకో పని చేయవచ్చు. శుభ్రమైన క్యాన్లో డీజిల్ పోసి ఇంజిన్ కంటే కాస్త ఎత్తులో గట్టిగా కట్టి, బండి లైన్ తప్పించి, ఆ క్యాన్ నుంచే పంపుకు డీజిల్ ఇచ్చి స్టార్ట్ చేస్తారు. రిటర్న్ కూడా అదే క్యాన్లోకి. దాని మీద టక్కున అందుకుంటే పంపు, ఇంజెక్టర్లు నిర్దోషులు. ఇది షెడ్డులో తెలిసినవాళ్లే చేయాలి.

స్కానర్ గురించి. లోపం కోడ్ ఏదీ లేదు కాబట్టి స్కానర్ వల్ల ఉపయోగం లేదంటారు కొందరు. కోడ్ లేకపోయినా లైవ్ డేటా, అంటే అప్పటికప్పుడు మారే అంకెలు, ఉంటుంది. పొద్దున్నే, రాత్రంతా ఆపిన బండి మీదే స్కానర్ పెట్టించండి. మధ్యాహ్నం షెడ్డుకు నడుపుకుని వెళ్తే జబ్బు కనిపించదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, రైల్ ప్రెషర్, ఈ రెండూ చూడమనండి. వేగం నిమిషానికి 200 చుట్లకు అటూ ఇటూ చూపించాలి. సున్నా చూపిస్తే ఇంజిన్ తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సార్ సంగతి చూడాలి. ప్రెషర్ 30, 50, 80 అని ఈడుస్తూ ఎనిమిదో సెకనుకు 200 చేరి అప్పుడు ఇంజిన్ అందుకుంటే, మీకు రోజూ జరిగేది కంటికి కనిపించినట్టు. తర్వాత బండి ఆపి, మర్నాడు పొద్దున చేతిపంపుతో లైన్ నింపి అదే మళ్లీ చూడాలి. ఈసారి ప్రెషర్ రెండు సెకన్లలో ఎగబాకితే తప్పు ముందు లైన్లోనే. నింపినా ఈడుస్తుంటే పెద్ద పంపో, రైల్ ప్రెషర్ వాల్వో, ఇంజెక్టర్లో ఎక్కడో వదిలేస్తున్నాయి.

అలా తేలితే అప్పుడు రిటర్న్ టెస్ట్. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ దగ్గర నాలుగు సెలైన్ పైపులు పెట్టి నాలుగు ఒకే రకం సీసాల్లోకి వదులుతారు. కాసేపు నడిపి పక్కపక్కన పెట్టి చూస్తే చదువు రానివాళ్లకు కూడా తెలుస్తుంది. మూడింట్లో రెండు వేళ్ల ఎత్తు, ఒకదాంట్లో సీసా నిండా వస్తే ఆ ఒక్కటే పోయింది. నాలుగూ మార్చాల్సిన పని లేదు. ఆ సీసాలు మీ కళ్లతో చూడండి, ఫోటో తీసుకోండి. మార్చినప్పుడు రాగి వాషర్ కొత్తది వేయాలి. చాలా బండ్లలో ఇంజెక్టర్ తల మీద ఉండే కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌కు ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ వేసినా ఇంజిన్ గరుకుగా నడుస్తుంది, పొగ రావచ్చు.

తీసిన పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. అందులోని డీజిల్‌ను తెల్లటి పళ్లెంలో వంచి ఎండలో చూడండి. అడుగున బుడగలా నీళ్లు కనిపిస్తే బంకు మార్చండి, ట్యాంకు కడిగించండి. వెండి పొడిలా మెరుపు కనిపిస్తే అది పెద్ద పంపు అరిగి రాలుతున్న లోహం. అలాంటప్పుడు పెద్ద ఖర్చుకు సిద్ధపడాల్సిందే, ఎందుకంటే ఆ పొడి రైల్లోకి, ఇంజెక్టర్లలోకి పోయి ఉంటుంది. మీ విషయంలో అది కాకూడదని కోరుకుంటున్నాను.

ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక హెచ్చరిక చెప్పాలి. పాత ట్రాక్టర్లో నాజిల్ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి గాలి తీయడం మనందరికీ అలవాటు. కామన్ రైల్ ఇంజిన్లో ఉక్కు పైపుల నట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంజిన్ తిరుగుతుండగా వదులు చేయకూడదు. నడుస్తున్నప్పుడు వాటిలో ప్రెషర్ 1,600 బార్ల దాకా, కొన్నిట్లో ఇంకా పైకి పోతుంది. కంటికి కనిపించని చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల మాత్రం డీజిల్ కండను చంపుతుంది. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. అలాంటిది జరిగితే కట్టు కట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ప్రెషర్ డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

పెట్రోలు కార్లవాళ్లకు ఇదే ఇబ్బంది ఉంటే దారి కొంచెం పొట్టి. తాళం రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి స్టార్ట్ చేస్తే టక్కున అందుకుంటుందా? అయితే ట్యాంకులోని పంపు వాల్వు రాత్రికి ప్రెషర్ వదిలేస్తోంది. గేజి పెడితే చాలా కార్లలో 3 నుంచి 4 బార్లు చూపిస్తుంది, ఆపాక అది ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. పెట్రోలు వాసన గుప్పుమంటూ ఉంటే ఇంజెక్టర్ కారుతోంది. అప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో పెట్రోలు ఆగి, గాలి ఆడి, ఇంజిన్ అందుకుంటుంది.

మాస్టారూ, మళ్లీ షెడ్డుకు వెళ్లినప్పుడు ఇంజెక్టర్లు చూడండి అనకండి. "చాలాసేపు ఆపితేనే ఇబ్బంది, పొద్దున్నే, ర్యాంపు మీద ఎక్కువ, నింపితే తగ్గుతోంది, ముందు ఫిల్టర్ ఓ రింగులు, సెన్సార్ సీలు, పైపులు చూడండి" అని మీ కాగితం చూపించి చెప్పండి. బండి ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున మీరు వెళ్లేదాకా ఎవరూ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. తీసిన పాత సామాన్లు అడిగి తీసుకోండి. ఈలోపు ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటూ, బండి రివర్స్‌లో పెడుతూ ఉంటే రోజూ స్కూలుకు వెళ్లడానికి ఇబ్బంది ఉండదు.

ఆరు రోజుల లెక్క పూర్తయ్యాక ఆ సెకన్లు నాకు రాసి పంపండి. రివర్స్‌లో పెట్టినా పది సెకన్లే వస్తే, స్కానర్‌లో ప్రెషర్ ఎక్కిన తీరు ఫోన్లో వీడియో తీసి అది కూడా పంపండి. పెద్ద పంపు విప్పాలో వద్దో అది చూశాకే చెబుతాను.